అర్హత గల ప్రేక్షకులు

సినిమా మొదలై నాలుగు నిమిషాలైంది. తెర ముందు నూట యాభై కుర్చీలున్నాయి. నూట నలభై తొమ్మిది ఖాళీ.

నూట యాభయ్యో కుర్చీలో జాయింట్ డైరెక్టర్ పరాంకుశం గారు కూర్చుని ఉన్నారు. ఆయన మెడలో పూలదండ ఉంది. దాన్ని ఆయనే వేసుకున్నారు. వేయడానికి తెర ముందు ఇంకో మనిషి దొరకలేదు.

"ఏమ్మా, గ్రామస్తులు హాజరు కాలేదా?" అని అడిగారాయన.

లాప్‌టాప్ దగ్గర నిలబడ్డ అంబుజ నేల చూపులు చూసింది. "అందరూ వచ్చినారు సార్. ఒక్కరు కూడా ఇంటికాడ లేరు."

"మరి ఎక్కడ?"

"తెర ఎనకాల."

ఆటగానిపల్లె తోలుబొమ్మలాట వాళ్ల ఊరు. మూడొందల చిల్లర జనం. ఏడు తరాలుగా చుట్టూ నాలుగు తాలూకాల్లో ఆడుతున్నారు గానీ, సొంత ఊళ్లో మాత్రం ఒక్క ఆట కూడా ఆడలేదు. ఆడితే చూసేదెవరు? ఒకరు బొమ్మ పట్టేవాళ్లు, ఒకరు పాడేవాళ్లు, ఒకరు మద్దెల, ఒకరు తాళం. నెలల పిల్లలు కూడా తెర వెనక ఉయ్యాల్లోనే కళ్లు తెరుస్తారు. తెర కనబడగానే దాని వెనక్కి పోవడం వాళ్ల కాళ్లకి తెలిసిన దారి. తెర ముందు భాగం వాళ్లకి పరాయి రాజ్యం.

కాబట్టి ఊరి చివర పాత శెనక్కాయల గోదాములో, గ్రామీణ దృశ్యకళల అభివృద్ధి మండలి వారు మొదటి లఘుచిత్రోత్సవం పెట్టి తెర కట్టగానే, ఊరంతా వచ్చి బుద్ధిగా దాని వెనక నిలబడింది.

నిలబడి ఊరుకుంటే బాగుండేది. మండలి వారు తీయించిన 'చేతులు కడుగుదాం' అనే ఐదు నిమిషాల సినిమా నడుస్తోంది. అందులో ఒకాయన కుళాయి దగ్గర నిలబడి నెమ్మదిగా చేతులు రుద్దుకుంటున్నాడు. ఆయన గొంతు మరీ నీరసంగా ఉందని హంపక్కకి అనిపించింది. హంపక్క అంబుజకి మేనత్త, పది ఊళ్లకి వినబడే గొంతు. ఆమె తెర వెనక నుంచి ఆ పెద్దమనిషికి గొంతు అరువిచ్చింది. "ఓరీ మలినమా! నా హస్తమును వదిలి పొమ్ము!" వెంటనే నలుగురు ఆటకి వాడే చెక్కల మీద కాళ్లతో దబదబ తొక్కారు. సబ్బు నురగ వచ్చేసరికి మద్దెల అందుకుంది. క్రిమి కనబడగానే యుద్ధం మొదలైంది.

పరాంకుశం గారు లేచి నిలబడ్డారు. "ఆపండి! ప్రేక్షకులు లేని చోట చిత్రోత్సవం నిర్వహించుటకు నిబంధనలు అంగీకరించవు."

అంబుజ లాప్‌టాప్‌కి అడ్డం నిలబడింది. ఎందుకంటే తర్వాత వేయాల్సింది ఆమె సినిమా.

పేరు 'తోలు పోయింది'. పద్నాలుగు నిమిషాలు. బొమ్మలు చేసే నింగప్ప తాత కొత్త రాజు బొమ్మ కోసం ఎండబెట్టుకున్న మేక తోలుని ఒక కుక్క ఎత్తుకుపోతుంది. తాత వెంటపడతాడు. అంతే కథ. నాలుగు నెలలు ఫోన్లో తీసింది. ఊళ్లో అందరూ ఎంతో కొంత నటించారు గానీ, ఎవరికి వాళ్లు చేసిన ముక్క తప్ప మిగతాది తెలీదు. దాన్ని మొదట్నుంచి చివరిదాకా చూసిన మనిషి భూమ్మీద ఒక్కటే ఉంది, అది తీసిన మనిషి. ఆ లెక్కన అది సినిమా కాదు, రహస్యం.

"సార్, నా సినిమా ఒక్కటి ఎయ్యనీండి. పద్నాలుగు నిమిషాలే," అంది అంబుజ.

"అమ్మా, మీ చిత్రమును రాష్ట్ర స్థాయి ఉత్సవమునకు పంపవలెనన్న, అది అర్హత గల ప్రేక్షకుల ఎదుట ప్రదర్శింపబడి ఉండవలెను. మీ గ్రామమున ప్రేక్షకులే లేరు. నేను పైకి రాస్తాను."

రాశారు. వారం తిరక్కముందే పైనుంచి ఉత్తర్వు దిగింది.

'విషయము: ఆటగానిపల్లె గ్రామమున ప్రేక్షకుల కొరత – నివారణ చర్యల గురించి. సదరు గ్రామస్తులకు చూచుట యందు నైపుణ్యము లోపించినట్లు పరిశీలనలో తేలినందున, ఇరువది యొక్క దినముల ప్రేక్షక శిక్షణా శిబిరము మంజూరు చేయడమైనది.'

శిబిరానికి సమన్వయకర్తగా అంబుజని వేశారు. ఊళ్లో డిగ్రీ చదివింది ఆమె ఒక్కతే. శిక్షణ పూర్తయితే తన సినిమా వేస్తారు. వేస్తే జనం చూస్తారు. ఆమెకి కావలసింది అదే. కాబట్టి మెడలో ఈల వేసుకుని రంగంలోకి దిగింది.

మొదటి పాఠం, కూర్చోవడం.

"ఊరికే కూర్చోవల్ల. అంతే," అని చెప్పింది అంబుజ.

"ఊరికేనా? మరి చేతులేం చెయ్యల్ల?" అని అడిగింది హంపక్క.

"ఏమీ చెయ్యకూడదత్తా. ఒళ్లో పెట్టుకో."

"ఒళ్లో పెట్టుకుని?"

"సూడల్ల."

"ఎంతసేపు?"

"అయిపోయేదాకా."

హంపక్క బుగ్గన వేలు పెట్టుకుంది. "అయ్యో పాపం! ఇన్నేండ్లు మన ఆట సూసినోళ్లు ఇంత కష్టపడినారా! తెలిసుంటే రొంత తొందరగా ముగించేవాళ్లం గదే."

మొదటి మూడు రోజులూ చేతులతోనే సరిపోయింది. ఏడు తరాలుగా బొమ్మలాడించిన చేతులు. ఒళ్లో పెట్టిన రెండు నిమిషాలకే వేళ్లు లేచేవి, పక్కవాడి చొక్కా అంచు పట్టుకునేవి, వాడి చెయ్యి ఎత్తి ఆడించేవి. నింగప్ప తాత తన ముందు కూర్చున్న ఆడమనిషి కొప్పు పట్టుకుని తెలీకుండానే తల అటూ ఇటూ తిప్పాడు. ఆమె కూడా తెలీకుండానే ఒక పద్యం అందుకుంది.

నాలుగో రోజు పరాంకుశం గారు చుట్టచుట్టిన ఒక చార్టు తీసుకొచ్చి గోడకి కొట్టించారు. పై కార్యాలయం వారు ఎన్నో గ్రామీణ లఘుచిత్రాలను పరిశీలించి తయారు చేసిన 'ప్రామాణిక స్పందనల పట్టిక' అది. ఒకటో నిమిషం, ఆసక్తి. రెండో నిమిషం, చిరునవ్వు. నాలుగో నిమిషం, ఆశ్చర్యం, నోరు అరంగుళం. ఆరో నిమిషం, దుఃఖం, మధ్యస్థం. తొమ్మిదో నిమిషం, ఆలోచన. పదకొండో నిమిషం, ఆశ. ఆఖరున చప్పట్లు, ముప్పై సెకన్లు.

"ఆరో నిమిషంలో ఏంటికి సార్ ఏడ్వల్ల?" అని అడిగాడు నింగప్ప తాత.

"గ్రామీణ లఘుచిత్రములలో ఆరవ నిమిషమున రైతు ఏడ్చునని సర్వేలో తేలినది."

"రైతు లేకపోతే?"

"ఉండును."

అక్కడ కథ మలుపు తిరిగింది. ఊరికే కూర్చోమంటే చేతకాని ఊరు, నటించమనేసరికి ఒళ్లు విరుచుకుని లేచింది. ఆసక్తా? ఎంత కావాలి? దుఃఖమా? పలచనిదా, చిక్కనిదా? రెండు రోజుల్లో మూడొందల చిల్లర జనం ఒక్క ఈలకి ఒకేసారి అరంగుళం నోరు తెరవడం నేర్చుకున్నారు. పరాంకుశం గారు స్కేలు పెట్టి కొలిచారు. ఒక్క హంపక్కది మాత్రం అంగుళం దాటింది. "నోరు పెద్దదైతే నేనేం చేసేది సారూ, పుట్టుక అట్లాంటిది," అందామె. మినహాయింపు ఇచ్చారు.

"సార్, ఇంక సినిమా ఏద్దామా?" అని అడిగింది అంబుజ ఆత్రంగా.

"తొందరపడకూడదమ్మా. శిక్షణ మధ్యలో చిత్రము ప్రదర్శించిన, వారి దృష్టి చిత్రము మీదకు మళ్లు ప్రమాదము కలదు."

కాబట్టి ఖాళీ తెర ముందే సాధన నడిచింది. పొద్దున పదింటికి గోదాము తలుపులు మూసేవారు. తెల్లటి తెర. దాని ముందు కుర్చీల్లోనూ చాపల మీదా మూడొందల చిల్లర జనం ఒకేసారి మురిసిపోయేవారు, ఒకేసారి కళ్లు తుడుచుకునేవారు, ఒకేసారి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచించేవారు. ఆ ఏడుపు ఎంత బాగుండేదంటే, రెండో వారానికల్లా పక్క ఊరి జనం దాన్ని చూడ్డానికి రావడం మొదలుపెట్టారు. వాళ్లకి ముందు చోటు లేదు. తెర వెనక నిలబడి, అంచుల్లోంచి తొంగి చూసేవారు. శిక్షణ లేకుండా చూస్తున్నందుకు పరాంకుశం గారు వాళ్లకి నోటీసులిచ్చారు.

కీర్తి అంతటితో ఆగలేదు. మండల గ్రంథాలయ వార్షికోత్సవానికి నలభై మంది ప్రేక్షకులను డిప్యుటేషన్ మీద పంపమని లేఖ వచ్చింది. పంపారు. ఆ మర్నాడు ఒక పదవీ విరమణ సభకి అరవై మంది. అక్కడ దుఃఖం ఎంత బాగా పండిందంటే, విరమించే ఆయన మనసు మార్చుకుని విరమించనని కూర్చున్నాడు. పై వారంలో ఒక పుస్తకావిష్కరణకి పాతిక మంది వెళ్లారు. ఆ రచయిత జీవితంలో అంత ఆసక్తిగా విన్నవాళ్లని ఎరగడు. రెండు గంటల ఉపన్యాసాన్ని ఐదు గంటలకి లాగాడు. పాతిక మందిలో ఇద్దరు స్పృహ తప్పారు. అదీ ముఖంలో ఆసక్తి చెదరకుండా తప్పారు.

"మీ ఊరి ప్రేక్షకులు రాష్ట్రానికే తలమానికము," అన్నారు పరాంకుశం గారు. ఇప్పుడాయన దండని వేరేవాళ్లు వేస్తున్నారు. "వచ్చే బుధవారము రాష్ట్ర మండలి నుండి ముగ్గురు న్యాయనిర్ణేతలు తనిఖీకి వచ్చుచున్నారు. ప్రేక్షకులకు 'ఏ' గ్రేడు వచ్చిన, మీ చిత్రము నేరుగా రాష్ట్ర ఉత్సవమునకు పోవును."

"అంటే బుధవారం నా సినిమా ఏస్తారా సార్?"

"వేయక తప్పదు. చిత్రోత్సవమున ఒక చిత్రమైనా ఉండవలెనని నిబంధన ఉన్నది. మార్చమని రాశాను, ఇంకా బదులు రాలేదు."

ఆ మాటకి అంబుజ ఎగిరి గంతేసింది. కానీ కాళ్లు నేలకి ఆనకముందే ఒక సంగతి గుర్తొచ్చింది. ఆరో నిమిషం.

తన సినిమాలో ఆరో నిమిషంలో రైతు లేడు. నింగప్ప తాత ఉన్నాడు. ఎండిన శెనక్కాయ కట్టె కుప్ప మీద మహారాజులా కూర్చున్న కుక్క, దాని నోట్లో మేక తోలు, కింద చేతులు జోడించుకుని తాత. అరిచి, బతిమాలి, అలిసిపోయి, చివరికి ఆటలో రాజుగారు మాట్లాడే గొంతు తీసి, కుక్కతో సంధి రాయబారం నడుపుతాడు. అర్ధరాజ్యం ఇస్తానంటాడు. అది ఆవులిస్తుంది. అప్పుడు అర్ధరాజ్యంతో పాటు ఒక సంగటి ముద్ద కూడా కలుపుతాడు. కుక్క చెవి లేపుతుంది.

"సార్, ఆరో నిమిషంలో అందరూ నగుతారు. పట్టికలో ఆ ఒక్క గడి మార్చండి."

"పట్టిక మార్చు అధికారము నాకు లేదు. మీరు చిత్రము మార్చండి."

"కుక్కని ఏడిపించేదెట్ల సార్?"

పరాంకుశం గారు కాసేపు నిజంగానే ఆలోచించారు. "వారిని చూడవద్దని చెప్పండి," అన్నారు చివరికి. "మంచి ప్రేక్షకుడికి చూడవలసిన అవసరము ఉండదు."

మంగళవారం సాయంత్రం అంబుజ ఊరందరినీ గోదాములో కూర్చోబెట్టింది. నాలుగు నెలల కష్టం. ఒక్కసారి నలుగురూ చూస్తే చాలనుకున్న సినిమా. దాని గురించి ఆమె నోటితో ఆమే ఈ మాట చెప్పాల్సి వచ్చింది.

"రేపు తెర మీదకి సూడొద్దండి. తెర పైన తాడు కట్టినాము గదా, దాన్ని సూడండి. నా ఈల మాత్రం వినండి. మీరు సూడకుంటేనే నా సినిమా పైకి పోతాది."

జనం హంపక్క వైపు తిరిగారు. హంపక్కే మెల్లగా అడిగింది. "పైకి పోతే ఆడెవరు సూస్తారే?"

"ఆడ కూడా అర్హత గల ప్రేక్షకులే ఉంటారంటత్తా."

"అంటే వాళ్లు కూడా తాడే సూస్తారా?"

అంబుజ వెళ్లి తెర పైన తాడు ముడి ఇంకొంచెం బిగించింది.

బుధవారం పదకొండింటికి న్యాయనిర్ణేతలు దిగారు. ముగ్గురు. మెడలో స్టాప్‌వాచీలు, చేతుల్లో అట్టలు. వాళ్ల కుర్చీలు తెరకి వీపు పెట్టి, ప్రేక్షకుల వైపు తిప్పి వేశారు. న్యాయనిర్ణేతలు చిత్రాన్ని చూస్తే నిష్పాక్షికత దెబ్బతింటుందట. తలుపులు మూశారు. చీకటి పడింది. అంబుజ వేలు మీట మీద పెట్టింది. నొక్కింది.

ఒకటో నిమిషం. ఈల. మూడొందల చిల్లర జనం ఆసక్తిగా తాడుని చూశారు. న్యాయనిర్ణేతలు టిక్కు పెట్టుకున్నారు.

రెండో నిమిషం. చిరునవ్వు. టిక్కు.

నాలుగో నిమిషం. నోళ్లు అరంగుళం. పెద్ద న్యాయనిర్ణేత స్కేలు పట్టుకుని రెండు వరసలు తిరిగొచ్చి తల ఊపాడు. పరాంకుశం గారి ముఖం వెలిగింది.

ఆరో నిమిషం.

అంబుజ ఈల ఊదింది. ఊరు ఊరంతా భోరుమంది. ఏడుపంటే అది ఏడుపు! పెద్ద న్యాయనిర్ణేత తన కళ్లు కూడా తుడుచుకున్నాడు. మొదటి వరసలో నింగప్ప తాత గుండెలు బాదుకుంటూ తల ముందుకి వాల్చాడు. తల వాల్చినప్పుడు చూపు తాడు మీద నుంచి జారింది. ఒక మూర కిందికి జారింది.

తాత ఏడుపు ఆగిపోయింది. సినిమా సంగతి అటుంచి, ఆయన ఇంతవరకూ తన ముఖాన్ని గడ్డం గీసుకునే అద్దంలో తప్ప ఎక్కడా చూసుకోలేదు.

"ఎవుర్రా ఆ ముసలోడు?" అన్నాడు గట్టిగా. "కుక్కకి దండం పెడతాండాడు?"

వెనక వరసలోంచి ఎవరో ఏడుస్తూనే చెప్పారు. "నువ్వే తాతా."

"నేనా? నేను అంత తిక్కోన్నా?"

అంతే. మూడొందల తలలూ తాడు మీద నుంచి దిగాయి. తెర మీద తాత అర్ధరాజ్యం ఇస్తున్నాడు. కుక్క ఆవులించింది. హంపక్క గొంతులో సగం ఏడుపు, సగం ఇంకేదో కలిసి ఒక కేక పుట్టింది. ఆ కేకతో గోదాము రేకులు అదిరాయి. నవ్వు మొదటి వరసలో అంటుకుని ఆఖరి వరస దాకా పాకింది. పట్టికలోని చిరునవ్వుకీ దానికీ ఏ సంబంధమూ లేదు. ఒకడు కుర్చీలోంచి జారిపోయాడు. ఇద్దరాడవాళ్లు ఒకరి మీద ఒకరు పడి వీపులు చరుచుకున్నారు. నింగప్ప తాత తెర వైపు వేలు చూపిస్తూ, "అడగరా! సంగటి అడగరా!" అని కుక్క పక్షం చేరిపోయాడు.

న్యాయనిర్ణేతలు లేచి నిలబడ్డారు. "ఇది దుఃఖము! దుఃఖము!" అని అట్టలు ఊపారు. ఎవరు వింటారు?

పరాంకుశం గారు కుర్చీలు దాటుకుంటూ పరుగెత్తుకొచ్చారు. "ఆపండమ్మా! ఇప్పుడే ఆపిన, సాంకేతిక లోపమని రాయించవచ్చును. 'ఏ' గ్రేడు దక్కును. రాష్ట్ర ఉత్సవము, అంబుజా! ఆపండి!"

అంబుజ వేలు మీట మీదే ఉంది. నొక్కితే రాష్ట్ర ఉత్సవం. ఆమె పరాంకుశం గారిని చూసింది. తర్వాత జనాన్ని చూసింది. వాళ్లు ఆమెని చూడ్డం లేదు, ఈలని చూడ్డం లేదు, తాడుని చూడ్డం లేదు.

మెడలో ఈల తీసి జేబులో వేసుకుంది. వేలు పక్కకి జరిపి, సౌండు రెండు గీతలు పెంచింది.

తొమ్మిదో నిమిషంలో ఎవరూ ఆలోచించలేదు. పదకొండో నిమిషంలో ఆశ పడలేదు. ఆఖరున చప్పట్లు ముప్పై సెకన్లు కాదు, ఆపే దిక్కు లేక కొట్టారు. ఆ మోతలోనే హంపక్క అరిచింది. "అంబుజా, మళ్లా ఎయ్యి! నేను ఏడుస్తా ఉండి మొదలు సగం సూడల్యా!"

మళ్లీ వేసింది. న్యాయనిర్ణేతలు జీపెక్కి వెళ్లిపోయారు.

ఊరు భోజనాలకి వెళ్లాక, ఖాళీ గోదాములో పరాంకుశం గారు నివేదిక రాయడానికి కూర్చున్నారు. దండ వాడిపోయింది. 'ప్రేక్షకులు చిత్రమును చూచినందున ఉత్సవము రద్దు చేయడమైనది' అని రాశారు. 'రాష్ట్ర ఉత్సవమునకు సిఫారసు: లేదు' అని రాశారు. 'అనుమతి లేకుండా నవ్వినవారు' అన్న చోట హాజరు పట్టీ చూసి మూడు వందల పన్నెండు అని వేశారు. దాని కింద ఇంకో గడి ఉంది. 'నవ్వుటకు గల కారణము.'

కలం ఆగింది. ఆయనకి కారణం తెలీదు. ఆ పూట గోదాములో సినిమా చూడనిది న్యాయనిర్ణేతలూ, ఆయనా మాత్రమే.

"అమ్మా," అన్నారాయన గొంతు సవరించుకుని. "ఈ గడి నింపు నిమిత్తము, ఆ ఆరవ నిమిషము వరకు ఒకసారి ప్రదర్శించవలెను."

అంబుజ తలుపులు మూసి, మీట నొక్కింది. ఆయన నోట్సు పుస్తకం తెరిచి, తెరకి ఎదురుగా నిటారుగా కూర్చున్నారు. మొదటి మూడు నిమిషాలూ కలం చకచకా నడిచింది. నాలుగో నిమిషంలో నెమ్మదించింది. ఐదో నిమిషంలో పుస్తకం ఒళ్లోంచి జారి కింద పడింది. ఆయన వంగి తీసుకోలేదు.

ఆరో నిమిషంలో తాత అర్ధరాజ్యానికి సంగటి ముద్ద కలిపాడు. పరాంకుశం గారి భుజాలు కదిలాయి. చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అది చాల్లేదు. ముప్పై ఏళ్ల సర్వీసులో దాచిపెట్టిందంతా ఒక్కసారిగా బయటికొచ్చి, ఖాళీ గోదాములో నాలుగు గోడలకీ తగిలింది.

కళ్లు తుడుచుకుని, పక్కనున్న నివేదిక అందుకుని, మూడు వందల పన్నెండుని అడ్డంగా కొట్టేసి, మూడు వందల పదమూడు అని దిద్దారు. పక్కన చిన్న సంతకం కూడా పెట్టారు.

"ఆరో నిమిషం అయిపోయింది సార్," అంది అంబుజ. "ఆపేసేదా?"

"ఉండమ్మా రొంత," అన్నారు పరాంకుశం గారు తెర మీద నుంచి కళ్లు తీయకుండా. "గమ్మున కూకో. ఆ కుక్క యాడికి పోతాందో సూడనీ."